డ్రోన్‌కి గాలి సెన్సర్ కట్టి రోడ్డు పొగ కొలిస్తే: రెండు నెలల వాడకం తర్వాత రివ్యూ

అందరికీ నమస్కారం. నా చేతిలో ఉన్నది నాలుగు ఫ్యాన్ల డ్రోన్. దీనికి బిగించిన ఈ చిన్న పెట్టెలో రెండు సెన్సర్లున్నాయి. ఒకటి పీఎం 2.5 ధూళికి, అంటే 2.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకన్నా సన్నటి కణాలకి; రెండోది బండ్ల పొగలో వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ వాయువుకి. రెండు నెలలుగా రద్దీ రోడ్డు పక్కన ఉన్న ఖాళీ స్థలంలో, అనుమతి తీసుకుని ఎగరేస్తున్నాను. బండ్ల పొగని ఇది నిజంగా పట్టుకుంటుందా లేదా, ఇవాళ అదే చెప్తాను.

ముందు నన్ను వారం రోజులు తిప్పలు పెట్టిన సంగతి. అమ్మినవాళ్ళు ఈ పెట్టెని డ్రోన్ పొట్ట కింద బిగించి ఇచ్చారు. అలాంటి సెన్సరే ఇంకోటి స్టాండుకి కట్టి, డ్రోన్‌ని దాని పక్కనే అదే ఎత్తులో నిలబెట్టాను. డ్రోన్ ప్రతిసారీ బాగా తక్కువ చూపించింది. సెన్సర్ పాడైందేమో అనుకున్నా. అది బాగానే ఉంది, ఫ్యాన్లే అసలు కారణం. అవి పైనున్న గాలిని లాక్కుని కిందికి తోసేస్తాయి. అంటే పొట్ట కిందున్న సెన్సర్‌కి అందేది కొన్ని మీటర్ల పైనుంచి దిగిన గాలి. రోడ్డు పక్కన కొద్ది ఎత్తు తేడాకే కాలుష్యం మారిపోతుంది కాబట్టి అంకె తప్పుతుంది.

ఇప్పుడిలా చూడండి. కార్బన్ కడ్డీ ఒకటి ఫ్యాన్లు దాటి బయటికి వచ్చేలా బిగించి, గాలి పీల్చే గొట్టం మూతిని దాని చివర పెట్టాను. తేడా చాలా తగ్గింది. గొట్టం కూడా ముఖ్యమేనండీ. మామూలు ప్లాస్టిక్ గొట్టానికి స్థిర విద్యుత్తు పుట్టి సన్నటి కణాలు లోపలే అంటుకుపోతాయి. విద్యుత్తు ప్రవహించే రకం సిలికాన్ గొట్టం, అదీ వీలైనంత పొట్టిది వాడాలి.

ఇక నాకు బాగా నచ్చింది చెప్తాను. తెల్లవారుజామున, ఎండ రాకముందు, పది మీటర్లకోసారి ఆగుతూ పైకి తీసుకెళ్ళాను. కింద ధూళి చిక్కగా ఉంది. ఒక ఎత్తు దాటగానే ఒక్కసారిగా పలచబడింది. రాత్రంతా నేల చల్లబడటంతో దాన్ని ఆనుకున్న గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చటి పొర మూతలా కూర్చుంటే పొగ పైకి పోలేదు. మధ్యాహ్నం అదే చోట ఎగరేస్తే కిందికీ పైకీ పెద్ద తేడా లేదు, ఎండకి గాలి పైకీ కిందికీ కలిసిపోయింది. రోడ్డు పక్కన కదలకుండా నిలబడే గాలి నాణ్యత కేంద్రం ఎంత ఖరీదైనదైనా ఈ సంగతి చూపించలేదు. రెండో అంతస్తు కిటికీ తెరవాలా, ఆరో అంతస్తులో ఎంత చేరుతోంది అని అడిగేవాళ్ళకి జవాబు ఇక్కడుంది. నా దృష్టిలో ఈ పరికరం కొనాల్సింది దీనికోసమే.

నచ్చనిది దీని యాప్ గీసే రంగుల మ్యాప్. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నమ్మకండి. నైట్రోజన్ డయాక్సైడ్ సెన్సర్ రసాయన రకం, అంకె కుదురుకోడానికి నిమిషం దాకా పట్టొచ్చు. డ్రోన్ ఈలోపు ముందుకెళ్ళిపోతే, వెనక చోటి పొగ ముందు చోట పడుతుంది. ఈ రకం సెన్సర్లు ఓజోన్‌ని కూడా నైట్రోజన్ డయాక్సైడ్ అనుకుంటాయి. అంకె కుదురుకోవాలనే నేను ఒక్కో చోట రెండు నిమిషాలు నిలబెడుతున్నాను. ఇంత బరువుతో బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి ఒక్క చార్జింగ్‌కి దొరికేవి కొద్ది చోట్లే.

ధూళి సెన్సర్‌కీ ఒక హద్దుంది. అది లేజర్ వెలుగు కణానికి తగిలి చెదరడాన్ని లెక్కపెడుతుంది. 0.3 మైక్రాన్ కన్నా చిన్నవి దానికి దాదాపు కనపడవు. డీజిల్ పొగలో వచ్చే కణాల్లో, సంఖ్య లెక్కన, ఎక్కువ భాగం 0.1 మైక్రాన్ కన్నా చిన్నవే! బ్రేకులు, టైర్లు అరిగి లేచే పొడి, రోడ్డు దుమ్ము కొంతవరకు పడతాయి గానీ, తాజా పొగ చాలా వరకు తప్పించుకుంటుంది. పొగమంచులో కణాలు తేమ పీల్చి ఉబ్బుతాయి, అప్పుడు అంకె లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. ఆ రోజుల లెక్కలు నేను పక్కన పెట్టేశాను.

ఇంకోటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5కి చెప్పిన హద్దు ఏడాది సగటుకి ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు, 24 గంటలకి 15. మీ డ్రోన్ రెండు నిమిషాల అంకెని వాటి పక్కన పెట్టి పోల్చకండి.

చాలా దేశాల్లో కదిలే వాహనాల మీదుగా, జనం మీదుగా ఎగరేయనివ్వరు, ఎత్తు కూడా 120 మీటర్లు దాటకూడదు. మన పనికి రోడ్డు మీదికి వెళ్ళక్కర్లేదు. గాలి ఏ వైపు నుంచి వస్తోందో ఆ వైపు నేల మీద ఒక సెన్సర్ పెట్టండి, గాలి పోయే వైపు డ్రోన్‌ని నిలబెట్టండి. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే ఆ రోడ్డు వాటా ఎంతో సుమారుగా తెలుస్తుంది.

కొనేవాళ్ళు ఉంటే, మొదటి వారం అసలు ఎగరేయకండి. దగ్గర్లోని గాలి నాణ్యత కేంద్రం పక్కన సెన్సర్ పెట్టుకోడానికి అనుమతి అడగండి. రెండిటి అంకెలూ గంటగంటకీ రాసుకుని, తేడా ఎంతో చూసి సరిచేసుకోండి. నెల తర్వాత మళ్ళీ తీసుకెళ్ళి పెట్టండి, ఎందుకంటే ఈ సెన్సర్లు వాడేకొద్దీ దారి తప్పుతాయి.