పాత బోటు కొనేముందు: ట్రాన్సమ్ తట్టండి, గరాజ్ కొలవండి

[తెరపై: ట్రైలర్ మీద 17 అడుగుల ఫైబర్‌గ్లాస్ బోటు]

టెక్సస్‌లో డాలస్ దగ్గర ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉంటూ లేక్ లూయిస్‌విల్‌కి తీసుకెళ్లడానికి సెకండ్ హ్యాండ్ బోటు వెతుకుతున్నారా? ముందు టేపు పట్టుకుని గరాజ్‌లోకి వెళ్లండి. ప్రకటనలో 17 అడుగులని ఉంటే అది ఒట్టి బోటు పొడవే. వెనక మోటారు, ముందు ట్రైలర్ టంగ్ (కారుకు తగిలించే కడ్డీ) కలిపితే 20 దాటుతుంది. చాలా గరాజ్‌ల లోతు 20 అడుగులే. టంగ్ పక్కకు మడిచే ట్రైలర్ అయితే రెండడుగుల దాకా కలిసొస్తుంది. డ్రైవ్‌వేలో పెట్టేద్దాం అనుకుంటే హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) రూల్స్ చదవండి. చాలాచోట్ల ఒప్పుకోరు.

[క్లోజప్: ట్రాన్సమ్]

బోటు చూడగానే అందరి కళ్లూ ఇంజిన్ మీదికే పోతాయి. కానీ అసలు చూడాల్సింది మోటారు వేలాడే వెనక గోడ, అదే ట్రాన్సమ్. పాత ఫైబర్‌గ్లాస్ బోట్లలో చాలావాటికి దాని లోపల ప్లైవుడ్ ఉంటుంది. చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్ సెన్సార్ బిగించిన స్క్రూ రంధ్రాల్లోంచి నీళ్లు దిగి అది కుళ్లిపోతుంది. పైన పెయింట్ మాత్రం మెరుస్తూనే ఉంటుంది! బాగుచేయిస్తే బోటు ధర కంటే ఎక్కువే అవ్వచ్చు.

స్క్రూడ్రైవర్ పిడితో అంగుళం అంగుళం తట్టండి. గట్టిగా ఉన్నచోట టక్‌మంటుంది, కుళ్లినచోట దబ్‌మని మొద్దుగా మోగుతుంది. తర్వాత మోటారును సగం పైకెత్తి, కింది కొస పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. గోడ కూడా కదిలిందా, బేరం అక్కడితో ఆపేయండి.

[తెరపై: గార్డెన్ హోస్ తగిలించిన మోటారు]

మీరొచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకి ముందే చెప్పండి. వేడెక్కాక స్టార్టింగ్ ట్రబుల్ బయటపడదు. నీళ్లు లేకుండా నడిపితే నీటి పంపులో తిరిగే ఇంపెల్లర్ రబ్బరు పాడవుతుంది కాబట్టి హోస్ తగిలించి, న్యూట్రల్‌లోనే ఆన్ చేయాలి. పక్కనుంచి నీటి ధార వస్తుంటే పంపు పనిచేస్తున్నట్టే. సిలిండర్ల కంప్రెషన్‌లో (లోపలి ఒత్తిడిలో) ఒకదానికొకటి తేడా 10 శాతం లోపుండాలి. గేర్ ఆయిల్ స్క్రూ వదులుచేసి చూడండి. పాలు కలిసిన కాఫీ రంగులో ఉంటే సీల్ పోయి నీళ్లు చేరాయన్నమాట.

ట్రైలర్ టైర్ మీద డాట్ (DOT) నంబర్ చివర 2319 ఉంటే అది 2019లో 23వ వారం తయారైంది. అంత పాతదైతే పైకి అరగకపోయినా మార్చాల్సిందే.

కాగితాల సంగతి. టెక్సస్‌లో బోటుకో టైటిల్ (యాజమాన్య పత్రం), వెనక బయట తగిలించే ఔట్‌బోర్డ్ మోటారుకు వేరే టైటిల్. రెండూ టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ చూస్తుంది, ట్రైలర్ కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో. మోటారు టైటిల్ లేదంటే డబ్బివ్వకండి. ట్రాన్సమ్ మీద కుడి మూల ఉండే 12 అక్షరాలు, అంకెల హల్ నంబర్ (బోటు గుర్తింపు నంబర్) టైటిల్‌తో సరిపోవాలి.

[తెరపై: గరాజ్‌లో బోటు]

ఇంటికొచ్చాక డ్రెయిన్ ప్లగ్ తీసి, ముందుభాగం కాస్త ఎత్తులో ఉంచండి. ఔట్‌బోర్డ్‌ను నిటారుగా దించితే నీళ్లు వాటంతటవే కారిపోతాయి. ఇంజిన్ బోటు లోపలే ఉండే స్టెర్న్‌డ్రైవ్ అలా కాదు. బ్లాక్‌లో నీళ్లుండిపోతాయి, గడ్డకడితే బ్లాక్ పగులుతుంది. ఇక్కడ మంచేం పడుతుందిలే అనుకునేవాళ్లు 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టిన సంగతి గుర్తుచేసుకోండి. నీళ్లు వంపేసి పింక్ యాంటీఫ్రీజ్ పోయాలి. అంతకంటే ముందే, పెట్రోల్ పాడవకుండా స్టెబిలైజర్ కలిపి, హోస్ తగిలించి పది నిమిషాలు ఇంజిన్ నడపండి. ఇది గరాజ్ బయటే చేయాలి.

గరాజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉందా? పెట్రోల్ ఆవిరి నేలబారున పాకుతుంది, హీటర్‌లో ఎప్పుడూ వెలిగే చిన్న పైలట్ మంట తగిలితే అంటుకుంటుంది. ట్యాంకు ఏమాత్రం కారుతున్నా, వాసన వస్తున్నా ఆ బోటు లోపల పెట్టొద్దు, బయటి స్టోరేజ్‌లో ఉంచండి.