డిస్కవరీ ఓడకు రెక్కలు ఎందుకు లేవు?

శ్రోతలందరికీ నమస్కారం. ఈ రోజు ఒక ఓడ గురించి మాట్లాడుకుందాం. కృష్ణపట్నం రేవులో ఆగే ఓడ కాదు, సినిమాలో గురుగ్రహానికి బయల్దేరిన ఓడ.

సినిమా పేరు '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'. 1968లో వచ్చింది. దర్శకుడు స్టాన్లీ క్యూబ్రిక్, ఆయనతో కూర్చుని కథ అల్లినవాడు ఆర్థర్ సి. క్లార్క్. అందులో ఓడ పేరు డిస్కవరీ. చూడనివాళ్ల కోసం ఆకారం చెబుతాను. ముందు తెల్లటి గుండ్రటి తల, మనుషులుండేది అందులోనే. దాని వెనక పొడుగాటి వెన్నెముక. ఆ చివర అణుశక్తితో నడిచే ఇంజన్లు. అంత పొడుగెందుకంటే, అణు రియాక్టర్ మనుషులకు ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. దూరం రెట్టింపైతే మీద పడే రేడియేషన్ నాలుగో వంతుకు తగ్గుతుంది. అంతవరకు లెక్క కుదిరింది.

కుదరనిది ఒకటుంది. ఆ ఓడలో పుట్టిన వేడి ఎటు పోతుంది?

ఇంజన్ల వేడి ఉంది. కంప్యూటర్ వేడి ఉంది. మనుషుల ఒంటి వేడీ ఉంది. ఊరికే కూర్చున్న మనిషి కూడా దాదాపు 100 వాట్ల వేడి వదులుతుంటాడు. 'అంతరిక్షం చల్లగా ఉంటుంది గదా, వేడి దానంతటదే పోతుంది' అంటారు చాలామంది. పోదండీ. మైపాడు బీచ్‌లో సాయంత్రం గాలి తగిలితే ఒళ్లు చల్లబడుతుంది, ఆ గాలి మన వేడిని ఎత్తుకుపోతుంది కాబట్టి. అక్కడ గాలే లేదు, ఇక ఎత్తుకుపోయేదెవరు? సైకిల్ మీద టీ అమ్మేవాళ్ల ఫ్లాస్కు చూడండి. దాని రెండు గోడల మధ్య గాలి తీసేస్తారు, అందుకే టీ గంటల తరబడి వేడిగా ఉంటుంది. వ్యోమనౌక ఆ ఫ్లాస్కులో టీ లాంటిది. వేడి బయటపడాలంటే ఒక్కటే దారి, కంటికి కనపడని కిరణాలుగా వెదజల్లడం. దానికి వెడల్పాటి పలకలు కావాలి, వాటినే రేడియేటర్లంటారు. ఇప్పుడు మన నెత్తిమీద తిరుగుతున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి అవి ఉన్నాయి. సోలార్ పలకలు కాకుండా, తెల్లగా మడతలు మడతలుగా కనిపించేవి అవే. లోపలి వేడిని అమ్మోనియా ద్రవం వాటి దాకా మోసుకొస్తుంది.

మరి డిస్కవరీకి? ఒక్కటీ లేదు.

మొదట గీసిన బొమ్మల్లో ఉన్నాయట. పెద్ద పెద్ద రేకులు పెట్టారట. కానీ అవి రెక్కల్లా కనపడతాయి, గాలి లేని చోట రెక్కలేమిటని జనం అడుగుతారని తీసేశామని క్లార్కే తర్వాత రాశాడు. నాకు దీని మీద కోపమేం లేదు. హాల్లో ఎవరో ఒకరు కచ్చితంగా అడిగి ఉండేవాళ్లు. కానీ తప్పని అనిపించకూడదని ఒప్పును తీసేయడం చూడండి, అదీ తమాషా.

సరే, సినిమాలో రేకులు తీసేస్తే ఏమీ కాదు. నిజం ఓడకు వేడిని అదుపులో పెట్టే ఏర్పాటే ఊడిపోతే ఏమవుతుంది? ఇది నాకెంతో ఇష్టమైన కథ, సమయం ఉన్నంతలో పూర్తిగానే చెబుతాను.

స్కైలాబ్ అంటే అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం, దాని పేరు మన పెద్దవాళ్లందరికీ తెలుసు. 1979 జులైలో నెత్తిన పడుతుందని ఊళ్లకు ఊళ్లు హడలిపోయాయి. మా మేనత్తయితే 'ఎట్టా పోతన్నాం గదా, ఆ పుంజునెందుకు మిగిలిస్తాం' అని కోయించిందట. చివరికి అది హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి వైపున పడింది. పడడం అందరికీ గుర్తుంది. ఎగరడం గురించి ఎవరూ చెప్పరు.

1973 మే 14న ఎగిరింది. ఎగిరిన నిమిషానికే గాలి ఒత్తిడికి దాని ఒంటికి చుట్టిన పల్చటి కవచం చిరిగిపోయింది. ఆ కవచమే ఎండకు నీడ. పోతూపోతూ ఒక సోలార్ రెక్కను ఊడపీకింది, ఇంకోదాన్ని తెరుచుకోకుండా బిగించింది. లోపల వేడి 52 డిగ్రీల దాకా పోయింది. మనుషులింకా ఎక్కలేదు గానీ తిండి, మందులు, ఫిలిం అన్నీ లోపలే ఉన్నాయి. ఇంజనీర్లకు ఒకటే టెన్షన్. కరెంటు కోసం ఎండకు ఎదురు తిప్పితే కాలిపోతుంది, చల్లబరచాలని పక్కకు తిప్పితే కరెంటు రాదు. అటు కొంచెం, ఇటు కొంచెం తిప్పుతూ పది రోజులు నెట్టుకొచ్చారు.

ఆ పది రోజుల్లో హ్యూస్టన్‌లోని నాసా కేంద్రంలో పనిచేసే జాక్ కింజ్లర్ అనే ఆయన చేపలు పట్టే గాలపు కర్రలు తెప్పించాడు. ఒకదాంట్లోకి ఒకటి దూరే రకం. వాటికి గుడ్డ కట్టి, మూసి తోస్తే బయట విచ్చుకునే గొడుగు చేసి చూపించాడు. దాన్నిబట్టే అసలు గొడుగు తయారైంది, 22 అడుగులు ఒక వైపు, 24 అడుగులు ఒక వైపు. మే 25న, అంటే మనకు రోహిణి కార్తె ఎండలు మొదలయ్యే రోజుల్లో, పీట్ కాన్రాడ్, జోసెఫ్ కెర్విన్, పాల్ వైట్జ్ అనే ముగ్గురు వ్యోమగాములు దాన్ని పట్టుకుని బయల్దేరారు. మర్నాడు ఆ వేడిలోనే లోపలికి దూరి, ఎండ పడే వైపు గోడకున్న జానెడు కంతలోంచి గొడుగు బయటికి తోసి తెరిచారు. కాస్త ముడతలు పడింది, పూర్తిగా సాగలేదు. అయినా నీడ పడింది. కొద్ది రోజుల్లో లోపల మనుషులు బతికే వేడికి దిగింది. 28 రోజులు ఉండి వచ్చారు.

ఇప్పుడు డిస్కవరీ దగ్గరికి వద్దాం. ఇక్కడినుంచి నాది ఊహ.

ముందు తల సంగతి. షూటింగ్ కోసం 38 అడుగుల తిరిగే చక్రం ఒకటి నిజంగానే కట్టారు, కథలో అది ఆ గోళంలోపల ఉంటుంది. కాబట్టి గోళం అడ్డకొలత తక్కువలో తక్కువ 12 మీటర్లు. అంటే పైతొడుగు 450 చదరపు మీటర్లు. మామూలు గది వేడిలో ఉన్న తొడుగు చదరపు మీటరుకు దాదాపు 400 వాట్లు వదిలేయగలదు. మొత్తం 180 కిలోవాట్లు. లోపల మెలకువగా ఉన్నది ఇద్దరు, నిద్రలో ముగ్గురు, ఒక మాటకారి కంప్యూటర్. చాలదా? ధారాళంగా చాలు. పైగా గురుగ్రహం దగ్గర ఎండ మనకు పడే దాంట్లో 27వ వంతే. తలకు రేకులు అక్కర్లేదనే నా ఉద్దేశం.

చిక్కంతా తోకలో ఉంది. ఇంజన్ మండుతున్నప్పుడు చాలా వేడి వెనక్కి చిమ్మే వాయువుతోనే పోతుందనుకుందాం. ఆర్పేసి ఊరికే సాగిపోతున్నప్పుడైనా కరెంటు కావాలి, రియాక్టర్ నడవాలి. ఆ వేడి? ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. సున్నా కెల్విన్, అంటే మైనస్ 273 డిగ్రీల నుంచి లెక్కేసిన ఉష్ణోగ్రత రెట్టింపైతే, వదిలే వేడి 16 రెట్లవుతుంది. తోకలో పలకలు ఎర్రగా కాలే పలకలైతే చిన్నవైనా సరిపోతాయి, రెక్కల్లా కనపడవు. ఇంజన్ల పక్కన నాలుగు పొట్టి పలకలు పెట్టి ఉంటే క్లార్క్ భయమూ తీరేది, నా గొణుగుడూ ఉండేది కాదు.

నాకిచ్చిన సమయం అయిపోవస్తోంది, పిల్లలున్న ఇళ్లవాళ్లకు ఒక్క మాట. రాకెట్లెగిరే శ్రీహరికోట 2022లో మన నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు పోయినా మన బడుల్లో రాకెట్ మోజు పోలేదు, సైన్స్ ఎగ్జిబిషన్ అంటే సగం బల్లల మీద ఉపగ్రహాలే. అన్నిటికీ సోలార్ పలకలుంటాయి, రేడియేటర్ ఒక్కదానికీ ఉండదు. ఈసారి ఒక తెల్ల డ్రాయింగ్ షీటు ముక్క అంటించండి. సూర్యుడికి బదులు బల్బు పెడతారు గదా, సోలార్ పలక ముఖం బల్బుకు ఎదురుగా ఉండాలి, తెల్ల పలక అంచు మాత్రమే బల్బు వైపు తిరగాలి. జడ్జీలు ఇదెందుకని అడిగితే, ఫ్లాస్కు కథ చెప్పమనండి.