కర్ణుడి మీసం, జాకిర్ ఎడమ చెయ్యి, గరిమెళ్ల బాణీ

నమస్తే అండీ. ఈ మధ్య ఎవరైనా కళాకారుడు పోయారని తెలిస్తే చాలు, ఫోన్‌లో ముందు కనిపించేది ఆస్పత్రి గేటు. ఆ తర్వాత జబ్బేంటి, ఆస్తెంత, చివరి ఫొటో ఏది. చేసిన పని గురించి మాత్రం "లెజెండ్, తీరని లోటు" అని రెండు ముక్కలు. నాకది ఒళ్లుమంట. అందుకే ఇవాళ జబ్బుల ఊసెత్తను. నలుగురి పని గురించి మాట్లాడుకుందాం.

2025 అక్టోబరు టీవీకి అస్సలు కలిసిరాలేదు. 15న పంకజ్ ధీర్, 25న సతీష్ షా పోయారు.

పంకజ్ ధీర్ అంటే "ఎవరండీ?" అనేవాళ్లు ఉంటారు. బి.ఆర్. చోప్రా 'మహాభారత్'లో కర్ణుడు అనండి, వెంటనే ముఖం గుర్తొస్తుంది. అసలు ఆయన్ని మొదట అనుకున్నది అర్జునుడి వేషానికట! ఇంటర్వ్యూల్లో ఆయనే చెప్పారు. బృహన్నల ఘట్టం కోసం మీసం తీసేయాలన్నారు చోప్రా. ఈయన ససేమిరా అన్నారు. అయితే బయటికి నడవమన్నారు. కొన్ని నెలలకి మళ్లీ పిలిచి కర్ణుడి వేషం ఇచ్చారు, మీసంతోనే. అర్జునుడి దగ్గర తిరస్కారం, ఆ తర్వాత కర్ణుడిగా పేరు. వ్యాసుడు రాసినట్టే ఉంది కదూ!

సతీష్ షా సంగతి వేరు. 1984లో దూరదర్శన్‌లో 'యే జో హై జిందగీ' వచ్చింది. అందులో మిగతావాళ్లందరికీ ఎప్పుడూ అవే పాత్రలు. ఈయన ఒక్కరే ఎపిసోడ్‌కో కొత్త మనిషి. అలా యాభైకి పైగా వేషాలు. ఇప్పుడు కామెడీ షోల్లో వారానికో గెటప్ చూసి ఆహా ఓహో అంటున్నాం, ఆ పని ఆయన అప్పుడే చేసేశారు.

కానీ నాకిష్టమైంది 2004లో మొదలైన 'సారాభాయ్ వర్సెస్ సారాభాయ్'లో ఇంద్రవదన్. భార్య గొప్పలనీ, కొడుకు కవిత్వాన్నీ ఆటపట్టించే పెద్దాయన. ఒకసారి గమనించి చూడండి: డైలాగ్ కంటే ముందే ఆ కళ్లలో కొంటెతనం మొదలైపోతుంది. ఆయన అంత్యక్రియల దగ్గర ఆ సీరియల్ వాళ్లంతా నిలబడి టైటిల్ సాంగ్ పాడారు. చావు దగ్గర ఇదేం పద్ధతి అనిపించొచ్చు. ఇంద్రవదన్‌ని సాగనంపడానికి అంతకంటే సరైన పద్ధతి లేదంటాను నేను.

ఇక తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్. 2024 డిసెంబరు 15న శాన్ ఫ్రాన్సిస్కోలో పోయారు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఒకే రాత్రి 3 గ్రామీలు అందుకున్నారు. మనలో చాలామందికి మాత్రం ఆయన మొదట పరిచయమైంది టీవీలో టీ ప్రకటనతోనే, ఒప్పుకుందాం. ఆయన కచేరీ వీడియో చూసేటప్పుడు అందరి చూపూ ఎగిరే జుట్టు మీదా, కుడిచేతి వేళ్ల మీదా ఉంటుంది. ఈసారి ఎడమ చెయ్యి చూడండి. అరచేతి కింది భాగంతో తోలుని నొక్కుతూ జరుపుతుంటే ఆ డగ్గా, అంటే ఎడమవైపు పెద్ద తబలా, మాట్లాడుతుంది, మూలుగుతుంది. శివుడి డమరుకం, శంఖం, పరిగెత్తే రైలు, అన్నీ ఆ రెండు తబలాల మీదే వినిపించేవారు.

చివరిగా అన్నమయ్య కీర్తనల గాయకుడు గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ గారు. 2025 మార్చి 9న తిరుపతిలో కన్నుమూశారు. మిగతా ముగ్గురికీ వచ్చినంత హడావిడి కూడా ఈయనకి రాలేదు. అన్నమయ్య రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరుంది, స్వరాలు లేవు. అంటే ఎవరో ఒకరు కూర్చుని బాణీ కట్టాలి. టీటీడీ ఆస్థాన విద్వాంసుడిగా ఈయన వందల కీర్తనలకి ఆ పని చేశారు. 'వినరో భాగ్యము విష్ణుకథ' బాణీ ఈయనదే. అది అన్నమయ్య కాలం నుంచీ అలాగే వస్తోందనుకునేవాళ్లు కోకొల్లలు.

ఆ కీర్తన పాడి వీడియో పెట్టేవాళ్లు "రచన: అన్నమాచార్య" అని రాసి ఊరుకుంటారు. మీలో ఎవరైనా పెడితే, కింద "స్వరకల్పన: గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్" అని ఒక లైను చేర్చండి. ఇదివరకే పెట్టినవాళ్లు ఎడిట్‌లోకి వెళ్లి మార్చుకోవచ్చు, అరనిమిషం పని.