రీల్స్ చేసే లాయర్ తప్పు చేసినట్టేనా?

యాంకర్: లాయర్లు సోషల్ మీడియాలో ప్రచారం చేసుకుంటే చర్యలు తప్పవని 2025 మార్చిలో లాయర్ల నియంత్రణ సంస్థ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా హెచ్చరించింది. మేడమ్, సూటిగా అడుగుతా, వీడియోలు చూసి క్లయింట్లు వస్తారా?

యువ న్యాయవాది: క్లయింట్ల సంగతి తర్వాతండీ. 2024 జులై 1న కొత్త క్రిమినల్ చట్టాలొచ్చాయి. హత్యకు సెక్షన్ 302 పోయి 103, మోసానికి 420 పోయి 318. ఆ నంబర్లు జూనియర్లం నేర్చుకున్నది ఒకరి పోస్టులు ఒకరం చూసుకునే.

సీనియర్ న్యాయవాది: నేర్చుకోవద్దని ఎవరన్నారమ్మా? బార్ కౌన్సిల్ 36వ నిబంధన ప్రకారం నేరుగా గానీ, పరోక్షంగా గానీ కేసుల కోసం ప్రకటనలు చేయకూడదు. రీల్ చివర ఫోన్ నంబర్ పెడితే...

యువ న్యాయవాది: పూర్తి చేయనివ్వండి సార్! అదే నిబంధనను 2008లో సవరించి, వెబ్‌సైట్లో పేరు, ఫోన్ నంబర్, చదువు, ఏ కేసులు చూస్తామో పెట్టుకోవచ్చన్నారుగా? చట్టం వివరించడం వేరు, కేసులివ్వమని అడగడం వేరు.

యాంకర్: అంటే క్లయింట్లు వస్తారనేగా?

యువ న్యాయవాది: కాదండీ! ఇంట్లో లాయరుంటే ఆఫీసు, కేసులు సిద్ధంగా ఉంటాయి. నాలాంటి మొదటి తరం వాళ్లకు ఏం తెలుసో నలుగురికీ ఎలా తెలుస్తుంది?

లా విద్యార్థిని: ఒక తీర్పు మీద నేను లింక్డ్‌ఇన్‌లో రాసింది చూసే నన్ను ఇంటర్న్‌షిప్‌కి పిలిచారు. సుప్రీంకోర్టు 2018లో కోర్టు విచారణల లైవ్ ప్రసారానికి ఒప్పుకున్న కేసు వేసినవాళ్లలో ఒక లా విద్యార్థి కూడా ఉన్నారు...

సీనియర్ న్యాయవాది: ఆ లైవ్‌నే ముక్కలు కత్తిరించి, జడ్జిగారు మాటవరసకు అన్నదాన్ని తీర్పని తిప్పుతున్నారు!

యాంకర్: అయితే లైవ్ ఆపేయాలంటారా?

సీనియర్ న్యాయవాది: ఆపమనలేదు. క్లయింట్ చెప్పిన మాట గడప దాటకూడదు. పేరు తీసేసి చెప్పినా ఊళ్లోవాళ్లు గుర్తుపడతారు.

యువ న్యాయవాది: ఒప్పుకుంటా. అందుకే నా కేసులు ఒక్కటీ చెప్పను, ప్రచురించిన తీర్పులే చెబుతా. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకు తేవాలని తెలుగులో చెప్తే అది ప్రకటనా? మళ్లీ అడుగుతున్నా, ప్రకటనా?

లా విద్యార్థిని: మేమింకా అడ్వకేట్లుగా ఎన్‌రోల్ కాలేదు, అంటే పేరు నమోదు చేసుకోలేదు, 36వ నిబంధన మాకూ వర్తిస్తుందా?

యువ న్యాయవాది: అది అడ్వకేట్లకు. నువ్వు ధైర్యంగా రాయి.

సీనియర్ న్యాయవాది: రేపు ఎన్‌రోల్ అయ్యాక ఆ పాత పోస్టులు...

యాంకర్: టైమ్ అయిపోయింది సార్. మేడమ్, ఒక్క మాటలో, ఫాలోవర్లు క్లయింట్లవుతారా?

యువ న్యాయవాది: ఒక్క మాటలో కుదరదు. ఆదాయం ఎంతున్నా సరే, మహిళలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది. ఎంతమందికి తెలుసు? సార్, మీ క్లయింట్లలో ఎంతమందికి...

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)