మూలుగను శుభ్రం చేస్తే జబ్బు తిరగబెట్టదా? (శ్రీకాకుళం ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

"మా గుంటడి మూలుగే తీసి మళ్లీ మా గుంటడికే ఎక్కిస్తే, అందులో క్యాన్సర్ కణాలు ఉండిపోవా బాబూ?" శ్రీకాకుళం నుంచి వైద్యానికి విశాఖ వెళ్లే తల్లిదండ్రులు ఇలా అడుగుతారు. చాలా సరైన ప్రశ్న. పెద్ద పెద్ద డాక్టర్లు ఏళ్ల తరబడి తల బద్దలుకొట్టుకున్నదీ దీని గురించే.

ఈ సొంత కణాల మార్పిడిలో, రక్తాన్ని తయారుచేసే రోగి మూలకణాలను ముందే తీసి ద్రవ నైట్రోజన్‌లో దాస్తారు. తర్వాత పెద్ద మోతాదులో కీమో ఇస్తారు. అది క్యాన్సర్‌తో పాటు మూలుగనూ చంపేస్తుంది కాబట్టి, దాచినవి తిరిగి ఎక్కిస్తారు.

దాచినదాన్ని శుభ్రం చేసే ప్రయత్నాలు 1980లలో జోరుగా సాగాయి. కొందరు మూలుగను మందులో నానబెట్టారు. నాకు బాగా నచ్చింది అయస్కాంతం పద్ధతి. క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టి అతుక్కునే యాంటీబాడీలను, కంటికి ఆనని ఇనుప ఆక్సైడ్ పూసలకు తగిలిస్తారు. వాటిని మూలుగలో కలిపి, అయస్కాంతాల పక్కనుంచి మెల్లగా పారిస్తారు. పూసలు పట్టుకున్న కణాలు అక్కడే ఆగిపోతాయి, మంచివి ముందుకు సాగిపోతాయి.

అనుమానం వట్టిది కాదని 1993లో తేలింది. అమెరికాలో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రిలో, ఎక్కించే మూలుగలోని కొన్ని కణాల్లో ముందుగా ఒక గుర్తు జన్యువు పెట్టారు. లుకేమియా (రక్త క్యాన్సర్) తిరగబెట్టిన కొందరు పిల్లల క్యాన్సర్ కణాల్లో ఆ గుర్తే కనిపించింది.

అయినా ఎక్కించేదాన్ని శుభ్రం చేస్తే చాలదు, ఒంట్లోనే జబ్బు మిగిలి ఉండొచ్చు. విత్తనాల్లోంచి ఊద గింజలు ఎంత ఏరినా, మడిలోనే ఊద ఉంటే మొలవక మానదు కదా. న్యూరోబ్లాస్టోమా (చిన్నపిల్లల్లో నరాల కణాల నుంచి పుట్టే క్యాన్సర్) వచ్చిన దాదాపు 500 మంది పిల్లలపై అమెరికాలో జరిగిన పరిశీలన ఫలితాలు 2013లో వచ్చాయి. శుభ్రం చేసి ఎక్కించినవాళ్లకూ, చేయకుండా ఎక్కించినవాళ్లకూ జబ్బు తిరగబెట్టకుండా బతకడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా మందులో నానబెడితే మంచి కణాలూ కొన్ని పోతాయి, రక్తకణాలు కోలుకోవడం ఆలస్యమవుతుంది, ఈలోగా ఇన్ఫెక్షన్ల భయం.

అందుకే ఇప్పుడు చాలాచోట్ల మూలుగను విడిగా కడగరు. సేకరించక ముందే శరీరంలో జబ్బును వీలైనంత తగ్గిస్తారు. కొన్ని లింఫోమాల్లో (లింఫు గ్రంథుల క్యాన్సర్లలో) రిటుక్సిమాబ్ అనే యాంటీబాడీ మందు ముందుగా ఇవ్వడం ఇందుకే.

జబ్బు తిరగబెట్టిన పిల్లల తల్లులు "డబ్బుల్లేక మూలుగ కడిగించలేకపోయాం" అని కుమిలిపోతుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. అమ్మా, అది మీ తప్పు కాదు. డాక్టరును అడగాల్సింది వేరే ఉంది: "సేకరణకు ముందు జబ్బు ఎంత తగ్గింది? మా బిడ్డకు సొంత కణాలు మంచివా, దాతవి మంచివా?" లుకేమియాలో మార్పిడి అవసరమైతే ఎక్కువగా దాత కణాలే వాడతారు, మిగిలిన క్యాన్సర్‌పై అవి పోరాడతాయి కూడా. తోబుట్టువుల్లో ఒక్కొక్కరూ పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. దాత కావాలని డాక్టరు చెబితే, తోబుట్టువులకు హెచ్‌ఎల్‌ఏ పరీక్ష (కణాలు ఒకరికొకరివి సరిపోతాయో లేదో చూసే పరీక్ష) వెంటనే చేయించండి.