13 ఏళ్ళు ఆగి, ఒక్క రాత్రిలో తీర్పు

అందరికీ నమస్కారం.

టూల్ అనే అమెరికన్ బ్యాండ్ 2019 ఆగస్టు 30న 'ఫియర్ ఇనాక్యులం' అనే ఆల్బమ్ విడుదల చేసింది. విమర్శకులు దాన్ని ఎలా విన్నారో, ఏం రాశారో, అందులో నాకు ఎక్కడ మనసు కష్టపడిందో చెబుదామని వచ్చాను. మీలో చాలామందికి ఈ బ్యాండ్ పేరు కొత్త కావచ్చు. కాబట్టి ముందు నాలుగు మాటలు వాళ్ళ గురించి.

1990లో లాస్ ఏంజిలిస్‌లో మొదలైన బృందం ఇది. మేనార్డ్ జేమ్స్ కీనన్ పాడతాడు, ఆడమ్ జోన్స్ గిటార్, జస్టిన్ చాన్సలర్ బేస్ (లోతైన స్వరాలు పలికే గిటార్), డానీ కేరీ డ్రమ్స్. మెటల్ సంగీతంలోని బరువైన గిటార్ వీళ్ళ దగ్గరా ఉంటుంది. కానీ పరుగులు పెట్టరు. లయని విరిచి, మళ్ళీ అతికించి, పది పన్నెండు నిమిషాలు నెమ్మదిగా ఒక పాటని పెంచుకుంటూ పోతారు. ఇలాంటి బాణీని ప్రోగ్రెసివ్ మెటల్ అంటారు. 1996లో 'ఈనిమా', 2001లో 'లేటరాలస్', 2006లో '10,000 డేస్' వచ్చాయి. ఆ తర్వాత 13 ఏళ్ళు కొత్త ఆల్బమ్ లేదు. ఒక కోర్టు కేసు ఏళ్ళ తరబడి సాగి 2015లో గానీ తెమలలేదు. కీనన్‌కి వేరే రెండు బ్యాండ్లు, అరిజోనాలో ద్రాక్షతోటలు, వైన్ తయారీ ఉన్నాయి. పైగా వీళ్ళు నలుగురూ కూర్చుని ఒక్కో పాటని చెక్కుతూనే ఉండే రకం.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అప్పటిదాకా టూల్ పాటలు ఏ స్ట్రీమింగ్ యాప్‌లోనూ ఉండేవి కావు. 2019 ఆగస్టు 2న పాత ఆల్బమ్‌లన్నీ ఒకేసారి పెట్టారు. అంటే పాతికేళ్ళ పని, కొత్త పని, రెండూ ఒకే నెలలో జనం చేతికి వచ్చాయి. కొత్త కోడలు ఇంట్లో అడుగుపెట్టిన రోజే పెద్ద కోడళ్ళందరితో పోల్చి చూసినట్టయింది.

అమ్మకాలకి ఢోకా లేదు. మొదటి వారం అమెరికాలో 2,70,000 యూనిట్లు పోయాయి. అప్పటికి మొదటి స్థానంలో ఉన్న టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్‌ని పక్కకి జరిపి ఇది ఆ చోటులో కూర్చుంది. సీడీ కూడా మామూలు సీడీ కాదు. అట్ట తెరిస్తే లోపల 4 అంగుళాల తెర, 2 వాట్ల స్పీకర్, ఛార్జింగ్ కేబుల్, 36 పేజీల పుస్తకం. పాటలు ఫోన్‌లోకి వెళ్ళిపోయిన కాలంలో జనం అట్ట కోసం ఎగబడి కొనుక్కున్నారు.

ఇక రివ్యూలు. మొత్తం మీద మెచ్చుకున్నవాళ్ళే ఎక్కువ. కేరీ డ్రమ్స్‌ని ఎవరూ కాదనలేదు. కానీ మెచ్చుకున్నవాళ్ళూ, పెదవి విరిచినవాళ్ళూ ఒకే నాలుగు మాటలు తిప్పి తిప్పి రాశారు. పాటలు మరీ పొడుగు. కీనన్ గొంతు తక్కువ వినిపిస్తోంది. గిటార్ వరసలు పాత ఆల్బమ్‌లని గుర్తు తెస్తున్నాయి. 13 ఏళ్ళలో వీళ్ళు మారలేదు.

ఈ ఆఖరి మాట దగ్గర నేను ఆగిపోతాను. దేనితో పోల్చి మారలేదన్నారు? చాలామంది 'లేటరాలస్'తో పోల్చారు. ఆ స్థాయికి రాలేదన్నారు. అదే 'లేటరాలస్' 2001లో వచ్చినప్పుడు పిచ్‌ఫోర్క్ పత్రిక దానికి 10కి 1.9 మార్కులు వేసింది. ఒక స్కూలు పిల్లవాడు వేసవి సెలవుల మీద వ్యాసం రాసినట్టుగా రివ్యూ రాసి ఎగతాళి చేసింది. ఇవాళ కొలబద్దగా చేతిలో పట్టుకున్న ఆల్బమ్‌ని ఆ రోజు చెత్తబుట్టలో వేశారు. ఆ 18 ఏళ్ళలో ఆ ఆల్బమ్‌లో ఒక్క స్వరం మారలేదు. వినేవాళ్ళు దానితో కాపురం చేశారు, అంతే.

ఆ ఆల్బమ్ పేరే పెట్టిన పాటని తీసుకోండి. చరణాల్లో అక్షరాలు లెక్కపెడితే 1, 1, 2, 3, 5, 8 అని ఫిబొనాచ్చి వరుసలో, అంటే వెనక రెండు అంకెలూ కూడితే తర్వాతది వచ్చేలా, పెరుగుతాయి, మళ్ళీ తగ్గుతాయి. మన ఛందస్సు వాళ్ళకి ఈ వరుస కొత్త కాదు. ఇన్ని మాత్రల్లో గురులఘువుల్ని ఎన్ని రకాలుగా పేర్చవచ్చు అని లెక్క కడుతూ విరహాంకుడు, తర్వాత హేమచంద్రుడు ఫిబొనాచ్చి కంటే ముందే దీన్ని చెప్పారు. పద్యం చదువుకున్న తెలుగువాడికి ఈ సంగతి తెలియగానే ఒళ్ళు ఝల్లుమంటుంది. నాకు అలాగే అయింది. అయితే మొదటిసారి విన్నప్పుడు ఎవరు లెక్కపెడతారు?

నా సంగతి చెబుతాను. 'ఫియర్ ఇనాక్యులం' వచ్చిన రాత్రి నేనూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. డిజిటల్‌లో మొత్తం 86 నిమిషాలు. మూడో పాటకల్లా బుర్ర వేడెక్కింది. "13 ఏళ్ళు ఆగింది దీనికోసమా?" అని ఒక స్నేహితుడికి మెసేజ్ పెట్టాను. ఆ రాత్రి నన్ను ఎవరైనా రివ్యూ అడిగితే నేనూ ఆ నాలుగు మాటలే రాసి ఉండేవాణ్ణి.

రెండు వారాల తర్వాత హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సులో వెళ్తూ మళ్ళీ పెట్టాను. సూర్యాపేటలో టీకి దిగి, ఎక్కి కూర్చున్నాక 'నూమా' పాట మొదలైంది. నూమా అంటే గ్రీకులో శ్వాస, ప్రాణం. గిటార్, బేస్ నెమ్మదిగా అందుకున్నాయి. నా వేళ్ళు ముందు సీటు కమ్మీ మీద వాటంతట అవే కొట్టడం మొదలుపెట్టాయి. చిన్నప్పుడు కొన్నేళ్ళు మృదంగం నేర్చుకున్నాను, అలవాటు పోలేదు. ఎక్కడో లెక్క తప్పింది. మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. మళ్ళీ తప్పింది. మూడోసారికి బేస్ ఎక్కడ తిరిగి మొదటికొస్తోందో దొరికింది. దొరికిన మరుక్షణం ఆ పాట నాకు వేరే పాట. 12 నిమిషాలు పొడుగని ఇంక అనిపించలేదు. విజయవాడ చేరేలోపు అదే పాట ఆరుసార్లు విన్నాను.

ఒక చిన్న పని చేద్దాం. మీ తొడ మీద తాళం వెయ్యండి. తకతకిట, తకిటతకధిమి. మళ్ళీ. తకతకిట, తకిటతకధిమి. ఖండం అయిదు, మిశ్రం ఏడు. 'లేటరాలస్'లో 'షిజమ్' అనే పాట ఉంది, దానికి గ్రామీ కూడా వచ్చింది. దాని ప్రధాన వరస నడిచేది ఈ అయిదు, ఏడు లెక్క మీదే. పాశ్చాత్య శ్రోతకి ఇది చిక్కుముడి. చాపు తాళాలు విని పెరిగిన చెవికి ఇది ఇంటి దారి. డానీ కేరీ ఆలోక్ దత్తా అనే గురువు దగ్గర తబలా నేర్చుకున్నాడు. కాబట్టి ఈ చుట్టరికం నేను బలవంతంగా కలుపుతున్నది కాదు.

'చాక్లెట్ చిప్ ట్రిప్' అని ఆల్బమ్‌లో ఒక ముక్క ఉంది. సింథసైజర్ ఒకే వరస తిప్పుతూ ఉంటే దాని మీద కేరీ దాదాపు 5 నిమిషాలు ఒక్కడే వాయిస్తాడు. చాలా రివ్యూలు దీన్ని ఖాళీ నింపడానికి పెట్టిందన్నట్టు దాటేశాయి. అది తని ఆవర్తనం, మన కచేరీలో మృదంగం ఒక్కటే మోగే ఘట్టం! మన కచేరీల్లోనూ తని మొదలవగానే కాఫీకి లేచేవాళ్ళు లేచిపోతారు. కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది ఆ మనిషి ఏం చేస్తున్నాడో.

విమర్శకులది అంతా తప్పని నేను అనను. పాటల మధ్యలో ఇరికించిన చిన్న చిన్న శబ్దాల ముక్కలు నాకూ అనవసరంగానే తోచాయి. సీడీలో అవి లేవు, లేకపోవడమే బాగుంది. 'కలింగ్ వాయిసెస్' ఎన్నిసార్లు విన్నా నాకు ఎక్కలేదు. కీనన్ గొంతులో ఒకప్పటి కోపం లేదు, నిజమే. కానీ ఆయనకి అప్పటికి 55 ఏళ్ళు. 'ఇన్విన్సిబుల్' అనే పాట ఒక ముసలి యోధుడి గురించి. ఇంకా యుద్ధానికి పనికొస్తానని నిరూపించుకోవాలని తపనపడే మనిషి గురించి. ఆ పాటని పాతికేళ్ళ కుర్రాడి అరుపుతో పాడితే అబద్ధమయ్యేది. గొంతు తగ్గిందని రాసినవాళ్ళు ఆ పాట ఏం చెబుతోందో కూడా రాసి ఉంటే నాకు బాధ ఉండేది కాదు.

పేరు సంగతీ చూడండి. ఇనాక్యులం అంటే టీకాలో ఎక్కించే మందు లాంటిది. భయానికి టీకా. 2019లో అది కవి మాట. 2020 మార్చిలో కోవిడ్ వల్ల వాళ్ళ అమెరికా టూర్ మధ్యలోనే ఆగిపోయింది. ఇళ్ళల్లో తలుపులేసుకుని కూర్చున్న జనానికి అదే ఆల్బమ్ మరోలా వినబడింది. 2019 సెప్టెంబరులోనే తీర్పు రాసేసిన వాళ్ళకి ఈ వినికిడి అందే అవకాశమే లేదు.

అసలు రివ్యూ ఎక్కడ మొదలైందంటే, నా లెక్కలో, డ్రమ్మర్ల దగ్గర. 2020 మొదట్లో కేరీ ఒక కచేరీలో 'నూమా' వాయిస్తున్న వీడియో యూట్యూబ్‌లో వచ్చింది. కెమెరా ఆయన మీదే ఉంటుంది. రెండు చేతులు, రెండు కాళ్ళు నాలుగు వేర్వేరు పనులు చేస్తుంటే ఆయన ముఖంలో టెన్షన్ అన్నది కనబడదు. ఎంతోమంది చూశారు. డ్రమ్స్ నేర్పే టీచర్లు దాన్ని ఆపి, వెనక్కి తిప్పి, ఈ చెయ్యి ఎక్కడుంది, ఆ కాలు ఎక్కడుంది అని విద్యార్థులకి చెప్పడం మొదలుపెట్టారు. ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ వినడం. మొదటివారం రివ్యూ రాసేవాళ్ళకి ఎడిటర్ ఇవ్వని తీరిక అదే. అదే ఏడాది జనవరిలో ఈ ఆల్బమ్ చివరి పెద్ద పాటకి, 'టెంపెస్ట్' అనే మాటలో మొదటి అక్షరం బదులు 7 అంకె వేసి రాసే దానికి, గ్రామీ వచ్చింది. ఆ పాట 15 నిమిషాల 43 సెకన్లు.

ఇప్పుడు 'నూమా' వినిపిస్తాను. వెనకున్న బాబుని దీపాలు కొంచెం తగ్గించమంటున్నాను. 11 నిమిషాల 53 సెకన్లు, ఫోన్లు పక్కన పెట్టండి. డ్రమ్స్ వెంట పోవద్దు, బేస్‌ని పట్టుకోండి. అది ఎక్కడ మొదటికొస్తోందో చూడండి. లెక్క తప్పితే కంగారు పడకండి, అది మళ్ళీ వస్తుంది, అక్కడ అందుకోండి. అయ్యాక ఇంకోసారి పెడతాను.