బెజవాడలో పద్దెనిమిది మందికి ఒకేచోట భోజనం

నమస్కారమండీ. కెమెరాలో కనిపిస్తున్నది లబ్బీపేట. ఆదివారం, టైము పదకొండున్నర. ఇంకో గంటన్నర పోతే ఈ రోడ్డు పక్కన స్కూటీ పెట్టుకోవడానికి కూడా చోటుండదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఊరికొచ్చిన ప్రతి ఎన్నారై కుటుంబానికీ ఒక ఆదివారం ఇలాగే గడుస్తుంది. అమ్మమ్మ, తాతయ్య, పిన్ని వాళ్ళు, పెదనాన్న వాళ్ళు, మేనత్త, వాళ్ళ పిల్లలు, మన పిల్లలు అంతా కలిసి బయట భోంచేద్దామనుకుంటారు. వెంటనే ఫోన్ తీసి స్టార్లు ఎక్కువున్న హోటల్ వెతుకుతారు. అసలు పొరపాటు అక్కడే మొదలవుతుంది. ఆ స్టార్లు ఇచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఇద్దరో నలుగురో వెళ్ళి తిన్నవాళ్ళు. నలుగురికి అద్భుతంగా వండే వంటిల్లు పద్దెనిమిది మందికి చేతులెత్తేయొచ్చు. మనం చూడాల్సింది రుచి ఒక్కటే కాదు, ఆ వంటింటికి ఎంత మందిని తట్టుకునే ఓపికుందో కూడా చూడాలి.

ముందు లెక్క రాసుకుందాం. పద్దెనిమిది మందిలో శాకాహారులు నలుగురు. ఆ నలుగురిలో ఇద్దరు మెట్లెక్కలేని పెద్దవాళ్ళు. కారం అలవాటు లేని చిన్నపిల్లలు ముగ్గురు. మిగిలిన పదకొండు మందీ మాంసం తింటారు. పంతొమ్మిదో మనిషి డ్రైవరు. టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని వచ్చి డ్రైవర్ భోజనం మర్చిపోయే ఇళ్ళు బోలెడు. ఆయన్నీ లెక్కలో కలపండి. బల్ల ఎంపిక ఆ ఇద్దరు పెద్దవాళ్ళని బట్టి, వంటకాల ఎంపిక ఆ ముగ్గురు పిల్లల్ని బట్టి చేసుకుంటే మిగతా పదమూడు మందీ ఎలాగైనా సర్దుకుంటారు. తిరగేసి చేస్తేనే గొడవ.

ఇప్పుడు ఈ భవనం వైపు చూడండి. పేరు చెప్పను, ఊళ్ళో సగం రెస్టారెంట్లు ఇలాగే ఉంటాయి. రోడ్డు మీంచి ఐదు మెట్లు. కింద నాన్ ఏసీ హాలు, పైన ఫ్యామిలీ ఏసీ హాలు. లిఫ్ట్ ఉందని ఫోన్‌లో చెబుతారు. ఉంటుంది కూడా, అయితే అది పై అంతస్తుల ఆఫీసులకి వెళ్ళే లిఫ్ట్ కావొచ్చు, ఆదివారం కట్టేసి ఉండొచ్చు. అందుకే "లిఫ్ట్ ఉందా?" అని కాకుండా "ఆదివారం మధ్యాహ్నం లిఫ్ట్ నడుస్తుందా? దానికి ముందు మెట్లెన్ని?" అని అడగాలి. బాత్‌రూమ్ ఏ అంతస్తులో ఉందో, అందులో వెస్ట్రన్ కమోడ్ ఉందో లేదో కూడా అప్పుడే తెలుసుకోండి. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి బిర్యానీ కన్నా అదే ముఖ్యం.

ఇంకోటి, సోఫా సీటింగ్. చూడ్డానికి దర్జాగా ఉంటుంది గానీ గోడకి బిగించేసిన సోఫాల్ని కలపలేం. పద్దెనిమిది మంది నాలుగు గదుల్లో కూర్చున్నట్టు విడిపోతారు. విడి కుర్చీలున్న నలుగురి బల్లలు నాలుగు వరసగా కలిపితే రెండు వైపులా పదహారు మంది, చివర్లలో ఇద్దరు, సరిగ్గా పద్దెనిమిది. పెద్దవాళ్ళని చివర కాకుండా మధ్యలో కూర్చోబెట్టండి, మాటలు రెండు వైపులవీ వినబడతాయి. పిల్లల్ని గోడ వైపు కూర్చోబెట్టాలి. నడవా వైపు కూర్చుంటే వేడి సాంబారు బకెట్లు వాళ్ళ తలల మీదుగా పోతాయి. మండీ (అరబ్బుల మాంసం అన్నం) హోటళ్ళ మోజు ఇప్పుడు బాగా ఉంది, ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ నేల మీద కూర్చుని తినడం. కుర్రకారుకి సరదా, తాతయ్యకి శిక్ష. వెళ్ళాలంటే కుర్చీలు, బల్లలు ఉన్న మండీ చూసుకోండి.

ఇక ఏ పేట అన్నది. గవర్నర్‌పేట, గాంధీనగర్ వైపు పాత శాకాహార హోటళ్ళు, టిఫిన్లు. బాబాయ్ హోటల్ వెన్న ఇడ్లీ అక్కడిదే. కానీ అవి పొద్దున్నే నలుగురైదుగురు వెళ్ళి తినొచ్చే చోట్లు, పద్దెనిమిది మందికి బల్లలు కలపమని అడగడం అన్యాయం. వన్‌టౌన్ వీధుల్లోకి టెంపో ట్రావెలర్ తీసుకెళ్ళకండి, వెళ్తే వెనక్కి తిరగదు. లబ్బీపేట, మొగల్రాజపురం, బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఏసీ రెస్టారెంట్లు ఎక్కువ, పార్కింగే తక్కువ. కొన్నిచోట్ల సెల్లారు అంటారు గానీ అందులో సగం జనరేటరు, సగం ఉల్లిపాయ బస్తాలు. బందరు రోడ్డు మీదే ఇంకా ముందుకి, కానూరు, పోరంకి దాకా వెళ్తే స్థలం దొరుకుతుంది. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చేరోజో వెళ్ళేరోజో అయితే రామవరప్పాడు రింగు దగ్గర చూసుకోండి, గన్నవరం రోడ్డు మీదే. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక జాగ్రత్త. హోటల్ ఫ్లైఓవర్ కింద సర్వీస్ రోడ్డులో ఉంటుంది, మ్యాపు చూస్తూ ఫ్లైఓవర్ ఎక్కేస్తే హోటల్ బోర్డు కిటికీలోంచి కనబడుతూనే వెనక్కి వెళ్ళిపోతుంది. గుంటూరులో కూడితే బ్రాడీపేట అడ్రసు చదవడం నేర్చుకోండి. 4/14 అంటే డోర్ నంబరు కాదు, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.

తేదీ కూడా ఎంపికే. దసరా నవరాత్రుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజున, ఇంద్రకీలాద్రి రద్దీకి వన్‌టౌన్ వైపు ట్రాఫిక్ మళ్ళిస్తారు. ఆ రోజుల్లో బెంజ్ సర్కిల్ ఇవతలే ఉండండి. కార్తీక మాసంలో ఇంట్లో సగం మంది నీచు ముట్టరు, సోమవారాలు కొందరు నక్షత్రాలు చూసేదాకా తినరు. అయ్యప్ప మాలలో, భవానీ దీక్షలో ఉన్నవాళ్ళుంటే హోటల్ మాటే ఎత్తకండి. పెళ్ళి ముహూర్తం ఉన్న రోజయితే పార్టీ హాళ్ళున్న రెస్టారెంట్లలో వంటింటి చేతులన్నీ హాలు వైపే ఉంటాయి, కింద బల్లల వాళ్ళకి నీళ్ళు రావడమే ఆలస్యం. "ఆ రోజు పైన ఫంక్షన్ ఏమైనా ఉందా?" అని ఒక్క మాట అడిగితే చాలు.

ఫోన్ చేసినప్పుడు వచ్చే జవాబుని అర్థం చేసుకోవడం ఒక విద్య.

"అన్నా, ఆదివారం మధ్యాహ్నం పద్దెనిమిది మందిమి వస్తాం, బల్లలు కలిపి పెడతారా?"

"రండి సార్, చూద్దాం."

ఇది బుకింగ్ కాదండీ. వస్తే నిలబడండి, ఖాళీ అయితే కూర్చోబెడతాం అని దాని అర్థం. రద్దీ రోజున చాలా హోటళ్ళు నిజంగానే బల్ల పట్టి ఉంచవు, ఎందుకంటే ఆ అరగంటలో అవే నాలుగు బల్లల మీద నాలుగు కుటుంబాలు తినిపోతాయి. బుకింగంటే రిజిస్టరులో పేరు రాయాలి, కొంచెం అడ్వాన్సు తీసుకోవాలి, క్యాప్టెన్ (సర్వర్ల మీద పెద్ద) పేరు మనకి చెప్పాలి. అవి లేకపోతే రెండే దారులు. పన్నెండుంపావుకల్లా అక్కడ ఉండటం, లేదా ఆదివారం మానేసి మామూలు రోజు వెళ్ళడం. ఒంటిగంట నుంచి రెండున్నర దాకా అందరూ వచ్చే టైము. మూడు దాటాక వెళ్తే బల్లలు దొరుకుతాయి గానీ డేగిసా అడుగున ఉన్న బిర్యానీ దొరుకుతుంది, మెతుకు విరిగి, ముక్క ఎండి ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి, ఆర్డరు. మామూలు రెస్టారెంటు వంటింట్లో మూడు చోట్ల పని జరుగుతుంది. ఒకటి, పొద్దున్నే వండి సిద్ధంగా ఉంచినవి: దమ్ బిర్యానీ, భోజనంలోకి పప్పు, పులుసు, సాంబారు, రసం. ఇవి గరిటెతో తీసి వడ్డించడమే, పద్దెనిమిది మందికైనా పది నిమిషాలు. రెండు, తందూరి భట్టీ. అందులో ఒకేసారి పట్టే రొట్టెలు కొన్నే, కబాబుల చువ్వలు కొన్నే. మూడు, చైనీస్ పొయ్యి. ఫ్రైడ్ రైసు, నూడుల్సు, మంచూరియా, చిల్లీ చికెన్ అన్నీ ఒకరిద్దరు మాస్టర్లు ఒక్కో మూకుడులో ఒక్కో ఆర్డరు చొప్పున ఎగరేసేవి.

పద్దెనిమిది మందికీ మెనూ కార్డులు ఇచ్చి ఎవరికి నచ్చింది వాళ్ళు చెప్పమంటే ఏమవుతుందో తెలుసుగా. ఒకరికి బటర్ నాన్, ఒకరికి హాకా నూడుల్సు, ఒకరికి పన్నీరు టిక్కా. భట్టీ దగ్గరా చైనీస్ పొయ్యి దగ్గరా వరస కడుతుంది. నాన్‌లు నాలుగేసి వస్తాయి, మొదటి నాలుగు తిన్నవాళ్ళు చేతులు కడుక్కునే సరికి చివరి నాలుగు వస్తాయి. పిన్ని ఎదురుగా ఖాళీ ప్లేటు, పెదనాన్నకి తాంబూలం టైము. సర్వర్ని తిట్టి లాభం లేదు, అది మన ఆర్డరు చేసిన పని. కాబట్టి భోజనం మొత్తాన్నీ మొదటి రకం మీద నిలబెట్టండి. భట్టీ నుంచి ఒక్క రకం, చైనీస్ పొయ్యి నుంచి ఒక్క రకం, అంతే. ఆర్డరు చెప్పేది కూడా ఒక్కరే.

మన పదకొండు మంది మాంసాహారుల లెక్క చూద్దాం. స్టార్టర్ నలుగురికి ఒక ప్లేటు చొప్పున మూడు ప్లేట్లు. ఫుల్ బిర్యానీ, స్టార్టర్ తిన్నాక, ఇద్దరికి సరిపోతుంది, అంటే ఆరు. కానీ ఆరూ ఒకేసారి చెప్పకండి. ముందు నాలుగు చెప్పి, సగం అయ్యాక మిగతా రెండు. చల్లారిన బిర్యానీ ఎవరూ ముట్టరు, పైగా సగం సార్లు ఆరోది అక్కరే పడదు. ఫ్యామిలీ ప్యాక్ చవకేమో అని అడుగుతారు. అందులో అన్నం ఎన్ని ఫుల్స్‌కి సమానం, ముక్కలెన్ని అని అడిగి పోల్చుకోండి. చాలాచోట్ల అన్నం పెరుగుతుంది, ముక్కలు ఆ లెక్కన పెరగవు. బెజవాడ వాళ్ళకి ఫ్రై పీస్ బిర్యానీ ప్రీతి, ముక్క విడిగా వేయించి అన్నం మీద పెడతారు. దీనికో లాభముంది. ముక్క వద్దనేవాళ్ళకి ఉత్త అన్నం పెట్టొచ్చు. ఉలవచారు బిర్యానీ ఒకటి చెప్పి అందరూ తలో ముద్ద రుచి చూడండి. అందరికీ అదే చెప్తే మాత్రం బరువైపోతారు.

శాకాహారులు నలుగురికీ అన్‌లిమిటెడ్ భోజనాలు. అందులో షేరింగ్ ఉండదు, ఒకరి విస్తట్లోంచి ఇంకొకరు తింటే రెండో భోజనం బిల్లు వేస్తారు, గోడ మీద బోర్డు కూడా ఉంటుంది. ఎంగిలి, నీచు పట్టింపున్న పెద్దవాళ్ళుంటే "వెజ్‌కి వేరే వంటిల్లా, లేక వేరే మూకుడా?" అని ముందే అడగండి. ఒకే వంటిల్లు అంటే మొత్తం గుంపునీ పూర్తి శాకాహార హోటల్‌కే తీసుకెళ్ళడం మేలు. బిర్యానీ ఇంకో రోజు తినొచ్చు.

కారం సంగతి. "కారం తగ్గించి ఇవ్వండి" అన్నది చైనీస్ పొయ్యి మీద అప్పటికప్పుడు చేసేవాటికే పనిచేస్తుంది. పొద్దున కలిపిన మసాలాతో దమ్‌కి పెట్టిన బిర్యానీలో గానీ, ఉడికిపోయిన కోడికూరలో గానీ కారం ఎవరూ తగ్గించలేరు. సర్వర్ మొహమాటానికి "అలాగే మేడం" అంటాడు, అదే గిన్నె వస్తుంది. కాబట్టి ముగ్గురు పిల్లలకీ తెల్లన్నం, ముద్దపప్పు, నెయ్యి, పెరుగు రాగానే తెప్పించండి, వాళ్ళు ముందు తినేస్తే మన భోజనం ప్రశాంతం. పల్లీలు, జీడిపప్పు పడని పిల్లలుంటే చాలా జాగ్రత్త. రెస్టారెంట్ గ్రేవీల్లో చిక్కదనానికి జీడిపప్పు ముద్ద వేస్తారు, పచ్చళ్ళలో పల్లీలుంటాయి, మెనూలో రాయరు. "ఎలర్జీ" అంటే దురదేమో అనుకుంటారు. "ఇది తింటే పిల్లాడికి ఊపిరాడదు" అని తెలుగులో సూటిగా క్యాప్టెన్‌కి చెప్పండి. అప్పటికీ అనుమానముంటే గ్రేవీలు మానేయండి. దిగిన మొదటి వారం పిల్లలకి పచ్చి ఉల్లిపాయ ముక్కలు, పెరుగు చట్నీ, ఐసు వేసిన జ్యూసులు వద్దు. పొగలు కక్కే అన్నం భయం లేదు.

ఇరవై అయిదు దాటితే పార్టీ హాలే నయం. అక్కడ కనీసం ఇన్ని ప్లేట్లని గ్యారంటీ అడుగుతారు, తక్కువ మంది వచ్చినా ఆ డబ్బు కట్టాలి. ఖచ్చితంగా వచ్చేవాళ్ళ సంఖ్యే చెప్పండి, "రావొచ్చు" అన్నవాళ్ళని కలపకండి. బఫేలో లెక్క మనుషులది కాదు, వాడిన ప్లేట్లది. పెరుగన్నానికి కొత్త ప్లేటు తీసుకుంటే ఇద్దరు తిన్నట్టే. భోజనాలు మొదలయ్యేముందు మన వాళ్ళొకరు క్యాప్టెన్‌తో కలిసి ప్లేట్ల దొంతర లెక్కపెట్టి రాసుకోవాలి. ఎవరూ ఏమీ అనుకోరు, వాళ్ళకీ అది మామూలే.

బిల్లు. విడిగా ఉండే రెస్టారెంటులో, ఏసీ ఉన్నా లేకపోయినా, జీఎస్టీ 5 శాతం. పదివేల బిల్లుకి 500, అదీ కేంద్రానికి 250, రాష్ట్రానికి 250గా రెండు వరసల్లో ఉంటుంది. గది అద్దె రోజుకి 7500 దాటే పెద్ద హోటళ్ళ లోపల 18 శాతం. అమ్మకాలు తక్కువున్నవాళ్ళ కోసం ఉన్న కాంపోజిషన్ పథకంలో చేరిన చిన్న హోటళ్ళు మన దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు. సర్వీస్ ఛార్జీ అంటూ బిల్లులో వాళ్ళంతట వాళ్ళు కలిపితే తీసేయమనండి. 2022 జూలైలో వచ్చిన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ (సీసీపీఏ) మార్గదర్శకాల ప్రకారం అది తప్పనిసరి కాదు. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) నంబరు ఉండాలి, అదీ ఓసారి చూడండి. గుంపు బిల్లుల్లో తేడాలు ఎక్కువగా నీళ్ళ సీసాల దగ్గరే వస్తాయి. కూర్చోగానే పద్దెనిమిది సీసాలు బల్ల మీద పెట్టేస్తారు, మామూలు నీళ్ళు కావాలంటే మూత తీయకముందే వెనక్కి పంపాలి. విదేశీ కార్డుని స్వైపింగ్ మెషీన్ ఒప్పుకోకపోవచ్చు, యూపీఐ ఉన్న బంధువు ఒకరు పక్కనుండటమో, చేతిలో నగదు ఉండటమో మంచిది. టిప్పు ఇస్తే సర్వర్‌కే కాదు, బల్ల తుడిచిన కుర్రాడికి కూడా చేతికివ్వండి.

మిగిలింది పార్సిల్ కట్టించుకుంటే నేరుగా ఇంటికే. వేసవిలో పార్సిల్ని కారులో వదిలేసి దుర్గమ్మ గుడికీ, షాపింగుకీ తిరిగి వచ్చి, సాయంత్రం వేడిచేసి పెట్టకండి. అన్నం చెడిపోయిన సంగతి వాసనకి తెలియదు. డ్రైవర్ భోజనం మాత్రం మనం ఆర్డరు చెప్పేటప్పుడే చెప్పాలి, బిల్లు కట్టేటప్పుడు కాదు. అప్పటికి డేగిసా అడుగంటి ఉంటుంది.